ఒక లేఖ, మూడు ప్రతులు: ఎనిమిదో తరగతిలో తోటి పిల్లల స్పందనతో తిరగరాత

ఎనిమిదో తరగతి, 36 మంది పిల్లలు, 45 నిమిషాల తెలుగు పీరియడు. రాయాల్సింది ఒక లేఖ: బడి గేటు ముందు మురుగునీరు నిలిచిందని పంచాయతీ కార్యదర్శికి. ఇలాంటి పని పాఠ్యపుస్తకంలో ‘స్వీయరచన’, ‘సృజనాత్మకత’ శీర్షికల కింద ఏటా వచ్చేదే. పిల్లలు రాస్తారు, టీచరు దిద్దుతారు, నోట్సు మూసేస్తారు. ఈ కేసులో అదే లేఖను ఆరు పీరియడ్లలో, మూడు ప్రతులుగా, తోటి పిల్లల స్పందన ఆధారంగా రాయించిన తీరు ఉంది. ఏ మెట్టులో ఏం చేయాలో, ఎక్కడ దెబ్బతింటుందో, ఎందుకు దెబ్బతింటుందో వివరంగా ఉంది.

ముందు దిద్దుబాటు లెక్క. 36 నోట్సులు, ఒక్కోదానికి 5 నిమిషాలు వేసుకున్నా 180 నిమిషాలు. నాలుగు సెక్షన్లకు చెప్పే టీచరుకు అది 12 గంటలు. అంత కష్టపడి దిద్ది తిరిగిచ్చాక పిల్లలు చూసేది టిక్కు, సంతకం, కింద వేసిన మార్కు. మార్జిన్లో రాసిన మాట చదివినా, దాన్ని పట్టుకుని మళ్లీ రాసే పని ఉండదు కాబట్టి అది అక్కడే ఆగిపోతుంది.

దీనికి విరుగుడుగా చాలా బడుల్లో జరిగేది ఒకటే: ‘నోట్సులు మార్చుకుని ఒకరివి ఒకరు దిద్దండి.’ ఈ తరగతిలోనూ మొదట అదే జరిగింది. వచ్చిన వ్యాఖ్యలు మూడు రకాలు: ‘బాగుంది’, ‘బాగుంది కానీ ఇంకా బాగా రాయాలి’, ‘దస్తూరి బాగాలేదు’. స్నేహితుడికి పదికి పది, ఉదయం గొడవపడినవాడికి నాలుగు. అక్షరదోషాల చుట్టూ ఎర్ర సున్నాలు. లేఖ చదివితే కార్యదర్శికి విషయం అర్థమవుతుందా అని అడిగినవాళ్లు లేరు. తప్పు పిల్లలది కాదు. ఎర్ర పెన్ను చేతికిస్తే వాళ్లు టీచర్ని అనుకరిస్తారు, ఎందుకంటే స్పందన అంటే వాళ్లు చూసింది అదొక్కటే. చదవడం, రాయడం నేర్పినట్టే స్పందించడమూ నేర్పాలి. దానికి ఒక పూర్తి పీరియడు పెట్టాలి.

ఏర్పాట్లు

కావలసిన సామాన్లు తక్కువ. ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఒక్కో ముక్క స్పందన రాయడానికి ఒక స్లిప్పు. మొదటి విడతలో (మూడో పీరియడు) ప్రతి పిల్లకూ రెండు స్లిప్పులు అందుతాయి కాబట్టి 72 స్లిప్పులు, అంటే 18 కాగితాలు. రెండో విడతలో (ఐదో పీరియడు) ఒక్కొక్కటి చొప్పున 36, అంటే 9 కాగితాలు. పాడైనవాటికి ఇంకో మూడు కలుపుకుంటే 30 కాగితాలతో పని అయిపోతుంది. స్లిప్పు చిన్నదిగా ఉండటం ముఖ్యం. పెద్ద కాగితం ఇస్తే పిల్లలు దాన్ని నింపాలని చూస్తారు, నింపడానికి పొగడ్తలు వాడతారు. స్పందన పెన్సిల్‌తోనే రాయాలి. ఎర్ర సిరా తరగతిలో ఎవరి చేతిలోనూ ఉండకూడదు, టీచరు చేతిలో కూడా.

ముగ్గురేసి చొప్పున 12 జట్లు. ఇద్దరైతే స్నేహం అడ్డొస్తుంది, ఒకరు రాకపోతే జట్టే ఉండదు. నలుగురైతే 45 నిమిషాల్లో అందరి వంతూ రాదు, నాలుగో పిల్ల కిటికీ వైపు చూస్తూ కూర్చుంటుంది. జట్టులో ధారాళంగా చదవగలిగినవాళ్లు ఒకరైనా ఉండాలి. ముగ్గురూ గట్టివాళ్లయిన జట్టు, ముగ్గురూ వెనకబడినవాళ్లయిన జట్టు రెండూ వద్దు. తరగతిలో ఆడపిల్లలు ఒకవైపు, మగపిల్లలు ఒకవైపు కూర్చునే అలవాటుంటే మొదటి విడతలో దాన్ని కదపకపోవడమే మంచిది. కొత్త పని, కొత్త మనుషులు రెండూ ఒకేసారి పెడితే పిల్లలు నోరు విప్పరు. కలపడం రెండో విడతలో చేయొచ్చు. జట్లను టీచరే ముందురోజు కాగితం మీద రాసుకోవాలి. ‘మీకు నచ్చినవాళ్లతో కూర్చోండి’ అంటే చివరికి ఎవరూ పిలవని ఒక పిల్ల గోడ పక్కన నిలబడి ఉంటుంది. ఆ పిల్ల ఆ రోజు ఏమీ నేర్చుకోదు.

మొదటి పీరియడు: స్పందించడం నేర్పడం

నల్లబల్ల మీద ఒక చిత్తుప్రతి. అది ఈ తరగతిలో ఎవరిదీ కాకూడదు. టీచరు సొంతంగా రాసిందో, పేరు తీసేసిన పాత ఏడాదిదో కావాలి. ఐదారు వాక్యాలు చాలు. పిల్లల్ని అడగాల్సింది ‘ఇది బాగుందా?’ అని కాదు, ‘ఇది చదివి కార్యదర్శి రేపు ఉదయం ఏం చేస్తారు?’ అని. ఈ ప్రశ్నతో తరగతి దారిన పడుతుంది. ‘ఏ బడో తెలియదు సార్’ అని ఒకరు, ‘ఎప్పటి నుంచో లేదు’ అని ఇంకొకరు అంటారు. వాళ్ల నోటి నుంచి వచ్చినవాటినే చార్టు మీద నాలుగు మాటలుగా రాయాలి: ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి ఏ నష్టం, ఏం చేయాలి. ఈ చార్టు ఆరు పీరియడ్లూ గోడ మీదే ఉండాలి. టీచరు ఇంటి నుంచి రాసి తెచ్చిన చార్టుకు ఇంత బలం ఉండదు. పిల్లలు దాన్ని గోడమీది సూక్తిలాగే చూస్తారు.

తర్వాత స్లిప్పు మీద మూడు వరుసలు ఎలా మొదలవ్వాలో నేర్పాలి:

‘నాకు కళ్లకు కట్టిన మాట...’
‘నాకు అర్థంకానిది... ఎందుకంటే...’
‘నేను కార్యదర్శినైతే అడిగేది...’

మూడూ ‘నాకు’, ‘నేను’ అనే మొదలవుతాయి. ‘నువ్వు తప్పు రాశావు’ అనే మాటకూ ‘నాకు ఇక్కడ అర్థంకాలేదు’ అనే మాటకూ మధ్య తేడా ఎనిమిదో తరగతి పిల్లలకు వెంటనే తెలుస్తుంది. మొదటిది తీర్పు, దానికి ఎదురు తిరగాలనిపిస్తుంది. రెండోదానికి ఎదురు చెప్పడానికేమీ ఉండదు. అర్థంకాలేదన్నవాళ్లకు అర్థమయ్యేలా రాయాలి, అంతే.

అమెరికాలో చాలా ఏళ్లు బడిపంతులుగా పనిచేసిన రాన్ బెర్గర్ స్పందనకు మూడు షరతులు పెట్టారు: దయగా ఉండాలి, కచ్చితంగా ఉండాలి, పనికొచ్చేలా ఉండాలి. మన పిల్లలకు మొదటిదీ మూడోదీ చెబితే తెలుస్తాయి. రెండోదే కష్టం. దానికి ఒక పరీక్ష పెట్టాలి. రాసిన స్లిప్పును ఇంకొకరి కాగితానికి అంటించి చూడాలి. అక్కడ కూడా సరిపోతే ఆ స్లిప్పు చెల్లదు. ‘బాగా రాశావు’ 36 కాగితాలకూ అంటుకుంటుంది. ‘పిల్లవాడు జారిపడ్డాడని రాశావు, ఎక్కడ పడ్డాడో రాయలేదు’ ఒక్క కాగితానికే అంటుకుంటుంది. ఈ పరీక్షను పది నిమిషాలు ఆటలా ఆడించాలి. టీచరు పది స్లిప్పులు చదవాలి, చెల్లేదానికి పిల్లలు చెయ్యెత్తాలి. మొత్తం ఆరు పీరియడ్లలో ఎక్కువ ఫలితమిచ్చే పది నిమిషాలు ఇవే. ఇది వదిలేసి నేరుగా జట్లలోకి దింపితే మళ్లీ ‘బాగుంది’ దగ్గరికే వస్తుంది.

రెండో పీరియడు: చిత్తుప్రతి

ఎవరిది వాళ్లే రాయాలి, మాట్లాడకుండా. ముందే మాట్లాడుకుంటే జట్టులో ముగ్గురూ ఒకే లేఖ రాస్తారు, అప్పుడు ఒకరికొకరు చెప్పుకోడానికి ఏమీ మిగలదు. 12 నుంచి 15 వరుసలు, వరుస విడిచి వరుస. మధ్య ఖాళీ లేకపోతే తర్వాత సవరణ రాయడానికి చోటుండదు, చోటు లేకపోతే పిల్లలు సవరించరు. నోట్సులో కాకుండా విడి కాగితం మీద రాయించాలి. నోట్సులో రాసింది పాడుచేయకూడదనే భయం పిల్లల్లో చాలా గట్టిగా ఉంటుంది. కొట్టివేతలు కనిపిస్తే తిడతారని వాళ్లకు చిన్నప్పటి నుంచీ అలవాటు. చిత్తుప్రతికి కొట్టివేతే అందమని ఈ పీరియడులో నోరారా చెప్పాలి.

మూడో పీరియడు: మొదటి విడత స్పందన

ఇక్కడ నిమిషాలు పాటించాలి. ఒక్కో పిల్లకు 12 నిమిషాలు. ముగ్గురికి 36. ముందు కూర్చోవడానికి 4, చివర స్లిప్పులు పిన్ను పెట్టుకోడానికి 5. మొత్తం 45.

ఆ 12 నిమిషాలు ఇలా: రాసినవాళ్లు తమ లేఖను రెండుసార్లు పైకి చదవాలి, 3 నిమిషాలు. వినేవాళ్లు కాగితం చూడకూడదు. తర్వాత 4 నిమిషాలు వినేవాళ్లిద్దరూ మౌనంగా స్లిప్పు రాయాలి. ఆ తర్వాత 3 నిమిషాలు ఒకరి తర్వాత ఒకరు స్లిప్పు చదివి వినిపించాలి. ఆ సమయంలో రాసినవాళ్లు బదులు చెప్పకూడదు. చివరి 2 నిమిషాలు రాసినవాళ్లవి. ఏదైనా ఒక్క ప్రశ్న అడగొచ్చు, లేదా చిత్తుప్రతి మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవచ్చు.

ఇందులో ప్రతి నియమానికీ కారణముంది. కాగితం చూపిస్తే వినేవాళ్ల కళ్లు నేరుగా ఒత్తుల మీదికి, దీర్ఘాల మీదికి పోతాయి. పైకి చదివితే అక్షరదోషం వినిపించదు, విషయంలోని ఖాళీ మాత్రమే వినిపిస్తుంది. పైగా రాసినవాళ్లకే చదువుతూ చదువుతూ తమ వాక్యం ఎక్కడ తట్టుకుందో తెలుస్తుంది. రెండోసారి చదివేటప్పుడు చాలామంది అప్పటికప్పుడే ఒక మాట మార్చి చదువుతారు. ఆ మార్పును పెన్సిల్‌తో గుర్తు పెట్టుకొమ్మనాలి.

మాట్లాడటానికి ముందు రాయడం ఎందుకంటే, ముందు మాట్లాడితే మొదట నోరు తెరిచినవాళ్ల మాటనే రెండోవాళ్లు కూడా రాస్తారు. 1981లో మేరీలాండ్‌కు చెందిన ఫ్రాంక్ లైమన్ ప్రతిపాదించిన ‘ఆలోచించు, జతతో మాట్లాడు, అందరితో పంచుకో’ పద్ధతిలో కూడా మాటకన్నా ముందు మౌనం ఉంది. మన తరగతుల్లో ఆ పద్ధతి పెట్టినప్పుడు ముందుగా ఎగిరిపోయేది ఆ మౌనమే.

బదులు చెప్పకపోవడం పిల్లలకు అన్నిటికన్నా కష్టం. ‘అది కాదురా, నా ఉద్దేశం ఏంటంటే’ అని వెంటనే మొదలుపెడతారు. వాళ్లకు చెప్పాల్సిన మాట: కార్యదర్శి పక్కన కూర్చుని నువ్వు ఉద్దేశం చెప్పలేవు, అక్కడికి వెళ్లేది కాగితం ఒక్కటే.

ఈ పీరియడులో టీచరు ఏ జట్టులోనూ కూర్చుని సలహాలివ్వకూడదు. టీచరు ఒక మాట అంటే పిల్లల స్లిప్పులకు విలువ పోతుంది. గడియారం చూడటం, చప్పట్లతో వంతు మార్చడం, చెల్లని స్లిప్పు కనిపిస్తే ‘ఇది ఇంకెవరి కాగితానికైనా అంటుతుందా?’ అని అడిగి వెళ్లిపోవడం, ఇవి చాలు. 12 జట్లు ఒకేసారి చదువుతుంటే గోల ఉంటుంది. జట్లను గోడల వెంబడి, వీపులు గది మధ్యకు ఉండేలా కూర్చోబెడితే గోల సగం తగ్గుతుంది. వరండా ఉంటే నాలుగు జట్లు అక్కడికి పంపొచ్చు. పక్క తరగతి టీచరుకు, హెడ్మాస్టరు గారికి ముందే చెప్పి ఉంచడం మంచిది.

దగ్గరగా ఒక లేఖ

ఒక అమ్మాయి చిత్తుప్రతిలో అసలు భాగం ఇది:

‘మా బడి ముందు మురుగు నీరు నిలిచిపోయింది. దోమలు వస్తున్నాయి. మొన్న ఒక పిల్లవాడు జారిపడ్డాడు. విద్యార్థులు చాలా ఇబ్బంది పడుచున్నారు. కావున తాము దయతో తగిన చర్యలు తీసుకోవలసిందిగా కోరుచున్నాము.’

వ్యాకరణపరంగా పెద్ద తప్పులు లేవు. టీచరు ఒక్కరే దిద్దితే దీనికి టిక్కు పడి ఉండేది. ఆమెకు అందిన రెండు స్లిప్పుల్లో, మొదటి వరుసలో ఇద్దరూ రాసింది ఒకే మాట: జారిపడ్డ పిల్లవాడు. రెండు, మూడు వరుసలు మాత్రం వేరు. ఒక స్లిప్పులో: ‘నీళ్లు ఎప్పటి నుంచి ఉన్నాయో అర్థంకాలేదు, ఎందుకంటే తేదీ లేదు. నిన్నటి వాననీళ్లనుకుంటారు. నేను కార్యదర్శినైతే తగిన చర్యలంటే ఏంటని అడుగుతాను. మందు కొట్టించి ఊరుకుంటాను.’ రెండోదాంట్లో: ‘దోమల సంగతి అర్థంకాలేదు, ఎందుకంటే దోమలు ఊరంతా ఉన్నాయి. మన గేటు దగ్గర ఏం ప్రత్యేకం?’

‘మందు కొట్టించి ఊరుకుంటాను’ అనే మాట ఏ టీచరూ మార్జిన్లో రాయరు. అది చదివేవారి స్థానంలో కూర్చున్న పిల్లవాడి మాట. ‘తగిన చర్యలు’ అనే పడికట్టు మాటలో ఏమీ లేదని ఆ అమ్మాయికి దానితోనే తెలిసింది.

రెండో ప్రతిలో ఆ భాగం ఇలా మారింది:

‘మా పాఠశాల గేటు ముందున్న సైడు కాలువ పూడిపోయింది. మూడు వారాల కిందటి వాన నీళ్లు ఇప్పటికీ పోలేదు. గేటు నుంచి సైకిల్ స్టాండు దాకా సుమారు 20 అడుగుల మేర నిలిచి ఉన్నాయి. సోమవారం ఆరో తరగతి పిల్లవాడు అందులో జారిపడి మోచేయి కొట్టుకున్నాడు. మేము మధ్యాహ్న భోజనం చేసే వరండా ఆ నీటి పక్కనే ఉంది. కాలువలో పూడిక తీయించి, గేటు ముందు దాటడానికి ఒక సిమెంటు పలక వేయించగలరని మనవి.’

20 అడుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంటర్వెల్లో అడుగులు వేసి కొలిచింది. దోమల మాట కొట్టేసి దాని స్థానంలో భోజనాల వరండా పెట్టింది. దోమలు ఊరందరివీ, వరండా ఈ బడిది.

నాలుగో పీరియడు: తిరగరాత

స్పందన అందిన మర్నాడే ఈ పీరియడు ఉండాలి. మధ్యలో పండగ సెలవులో, యూనిట్ పరీక్షలో వచ్చి నాలుగు రోజులు గడిస్తే స్లిప్పులోని మాట చల్లబడుతుంది, పిల్లలు చిత్తుప్రతినే అందమైన దస్తూరితో మళ్లీ దించేస్తారు. టైమ్‌టేబుల్లో వరుసగా ఆరు రోజులు దొరకకపోతే మూడు, నాలుగు పీరియడ్లు మాత్రం వెంటవెంటనే వచ్చేలా చూసుకోవాలి. మిగతావి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు.

రాయడానికి ముందు 5 నిమిషాలు ప్రతి పిల్లా తన స్లిప్పుల్లోని ప్రతి మాట పక్కన ఒక గుర్తు పెట్టాలి: ‘చేస్తాను’, ‘చేయను, ఎందుకంటే...’, ‘టీచర్ని అడగాలి’. రెండో గుర్తు లేకుండా ఈ పద్ధతి నడవదు. తోటివాళ్లు చెప్పిందల్లా చేయాలంటే లేఖ మూడు తలలది అవుతుంది. పై అమ్మాయికి మాటల్లో ఇంకో సలహా వచ్చింది: ‘చేయకపోతే ఎమ్మెల్యే గారికి రాస్తామని కూడా పెట్టు.’ దాని పక్కన ఆమె రాసుకుంది: ‘చేయను, ఎందుకంటే మొదటి లేఖలోనే బెదిరించినట్టుంటుంది.’ ఆ ఒక్క వాక్యంలో ఎవరికి రాస్తున్నాం, ఏ గొంతుతో రాయాలి అనే పాఠం మొత్తం ఉంది. రచన మీద అధికారం రాసినవాళ్లదేనని పిల్లలకు తెలిసేది ఇక్కడే.

టీచరు పని కూడా ఇక్కడే ఎక్కువ. ముందురోజు సాయంత్రం చదవాల్సింది 36 చిత్తుప్రతులను కాదు, 72 స్లిప్పులను. ఒక్కోదానికి 20 సెకన్లు, మొత్తం 24 నిమిషాలు. స్లిప్పులు చదివితే తరగతికి ఏం కనిపిస్తోందో, ఏం కనిపించడం లేదో తెలుస్తుంది. ‘ఏం చేయాలి’ అనే ప్రశ్న చాలా స్లిప్పుల్లో వస్తే పీరియడు మొదట్లో 7 నిమిషాలు దాని మీదే చెప్పాలి. ఎవరూ రాయని ఖాళీ ఉంటే అది టీచరే చెప్పాలి. ఈ కేసులో అలాంటిది ఒకటుంది. లేఖ ఎవరి తరఫున రాస్తున్నారో, జవాబు ఎవరికి పంపాలో ఏ స్లిప్పూ అడగలేదు. తోటి పిల్లలకు ఆ ప్రశ్న తట్టదు, రాసినవాళ్లెవరో వాళ్లకు తెలుసు కాబట్టి.

ఐదో పీరియడు: భాష చూడటం

విషయం కుదిరాకే అక్షరాలు. బెర్గర్ తరచూ చూపించే ఉదాహరణలో, ఐడహో రాష్ట్రం బోయిసీలో ఒకటో తరగతి పిల్లవాడు ఒక సీతాకోకచిలుక బొమ్మను తోటివాళ్ల మాటలు వింటూ ఆరు ప్రతులుగా గీశాడు. ఆ పిల్లలు ముందు రెక్కల ఆకారం గురించే మాట్లాడారు, తర్వాతే లోపలి గీతల గురించి. లేఖకూ అదే వరుస. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 తర్వాత వచ్చిన ఇంగ్లిష్ పాఠ్యపుస్తకాల బోధనలో కూడా పిల్లల రచనను ముందు విషయపరంగా, తర్వాత వాక్యపరంగా, ఆ తర్వాత పదరూపాలూ స్పెల్లింగూ చూసే క్రమం ఉంది. ఆ శిక్షణ పొందిన ఇంగ్లిష్ టీచరు బడిలో ఉంటే వాళ్లతో కలిసి ఒకే పద్ధతి పెట్టుకోవచ్చు. పిల్లలకు రెండు సబ్జెక్టుల్లో ఒకే మాట వినిపిస్తుంది.

ఈసారి జతలు, వేరే జట్టు నుంచి. కాగితం చేతికి ఇవ్వాలి. చదివేవాళ్లు చేసేది రెండే పనులు. సందేహమున్న చోట పెన్సిల్‌తో కింద గీత గీయాలి, స్లిప్పు మీద ఆ మాట రాయాలి. దిద్దకూడదు. ఇది గట్టిగా పట్టుకోవాల్సిన నియమం. ఎనిమిదో తరగతిలో ‘విద్యార్థి’ అని సరిగ్గా రాసినదాన్ని పక్కవాళ్లు ‘విద్యార్ధి’ అని మార్చేయడం మామూలే. థ, ధ, శ, ష, ణ, న, ళ, ల దగ్గర ధీమాగా ఉన్న పిల్లల మాటే నెగ్గుతుంది, అది తప్పైనా సరే. న్యూజిలాండ్ పరిశోధకుడు గ్రాహం నథాల్ పిల్లలకు చిన్న మైకులు తగిలించి తరగతిలో వాళ్ల మాటలు రికార్డు చేశారు. పిల్లలకు అందే స్పందనలో ఎక్కువ భాగం తోటి పిల్లల నుంచే వస్తుందని, అందులో చాలావరకు తప్పేనని ఆయన గమనించారు. అందుకే గీత గీయడం తోటివాళ్ల పని. పాఠ్యపుస్తకంలోనో నిఘంటువులోనో చూసి తేల్చుకోవడం రాసినవాళ్ల పని. జతకొక పాఠ్యపుస్తకం, తరగతికి కనీసం రెండు నిఘంటువులు బల్ల మీద ఉండాలి.

వాక్యాల్లో చూడమని చెప్పాల్సింది ఒకే సంగతి: ‘పడుచున్నారు’, ‘కోరుచున్నాము’ ఒకచోట, ‘వస్తున్నాయి’ ఇంకోచోట ఉన్నాయా? పాత నమూనా లేఖల నుంచి వచ్చిన మాటలూ సొంత మాటలూ కలిసిపోయిన అతుకు అక్కడే కనిపిస్తుంది. ఒక పీరియడులో భాషకు సంబంధించి ఇంతకన్నా ఎక్కువ అడిగితే ఏదీ కుదరదు.

ఆరో పీరియడు: శుద్ధప్రతి, మార్కు

శుద్ధప్రతి నోట్సులో. దానికి చిత్తుప్రతి, రెండో ప్రతి, మూడు స్లిప్పులు పిన్ను పెట్టి ఇవ్వాలి. మార్కు ఇక్కడే, మొదటిసారి. మధ్యలో ఏ ప్రతి మీదా అంకె కనిపించకూడదు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడుల్లో చేసిన అధ్యయనంలో కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్యలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు మెరుగుపడ్డారు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. అంకె ఉంటే కన్ను దాని మీదే ఆగుతుంది.

నిర్మాణాత్మక మూల్యాంకనంలో, అంటే పాఠాలు జరుగుతుండగానే బడిలో వేసే మార్కుల్లో, దీన్ని రెండు చోట్ల చూపించొచ్చు. శుద్ధప్రతి ‘రాత అంశాలు’ కింద వస్తుంది. పిల్ల ఇతరులకు రాసిన స్లిప్పులు ‘భాగస్వామ్యం, ప్రతిస్పందనలు’ కింద వస్తాయి. అప్పుడు ఆ రెండో అంశానికి కాగితం మీద ఆధారం ఉంటుంది, ఊహించి వేయాల్సిన పని ఉండదు. తోటి పిల్లలతో మాత్రం మార్కులు వేయించకూడదు. మార్కు చేతికి రాగానే స్లిప్పు మళ్లీ తీర్పుగా మారిపోతుంది.

ఎక్కడ దెబ్బతింటుంది

అందరికన్నా ముందు చదవలేని పిల్లల సంగతి. 36 మందిలో తన చిత్తుప్రతిని తానే కూడబలుక్కుని చదివేవాళ్లు కొందరుంటారు. ఇంట్లో లంబాడీయో, ఉర్దూయో మాట్లాడి బడిలో తెలుగు రాసే పిల్లలకు మాటలు వెతుక్కోవడమే సరిపోతుంది. జట్టు ముందు చదవమంటే ఆ పిల్లలు ఆ రోజు బడికే రాకపోవచ్చు. వాళ్లకు ముందురోజే ఐదు నిమిషాలు టీచరు దగ్గర చదివే అవకాశం ఇవ్వాలి, లేదా చదివి వినిపించేది ఎవరో వాళ్లనే ఎంచుకోనివ్వాలి. స్లిప్పు రాయలేకపోతే నోటితో చెప్పొచ్చు, జట్టులో ఇంకొకరు వాళ్ల మాటల్లోనే రాస్తారు. చెప్పే అవకాశం మాత్రం తీసేయకూడదు. అమెరికాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ నేర్చుకునే 91 మంది మీద జరిగి 2009లో ప్రచురితమైన అధ్యయనంలో ఒక వర్గం ఇతరుల రచనలకు స్పందన ఇవ్వడం సాధన చేసింది, ఇంకో వర్గం వచ్చిన స్పందనను వాడుకోవడం సాధన చేసింది. ఇచ్చినవాళ్ల సొంత రాతే ఎక్కువ మెరుగుపడింది, అదీ కింది స్థాయి విద్యార్థుల్లో ఎక్కువగా కనిపించింది. వెనకబడిన పిల్లల్ని వినేవాళ్లుగానే ఉంచితే వాళ్లకు రావాల్సిన లాభమే తప్పిపోతుంది.

రెండోది, గాయపరిచే మాట. ‘ఇది కూడా రాదా’ అని స్లిప్పు మీద రాకపోయినా నవ్వులో వస్తుంది. కులం పేరు, వాడ పేరు, ఇంటి సంగతి ఆ నవ్వు వెనక ఉండొచ్చు. పిల్లల మధ్య ఉన్న ఎక్కువ తక్కువలు ఈ పనిలోకి వచ్చి కూర్చుంటాయి, తోటి స్పందన వాటిని తనంతట తాను తీసేయదు. అలాంటిది కనిపించిన చోట జట్టు మార్చడం కాదు, పని ఆపి అక్కడికక్కడే మాట్లాడాలి. ‘వంతు తర్వాత చూద్దాం’ అనుకుంటే ఆ పిల్ల మళ్లీ పైకి చదవదు.

గైర్హాజరు రోజూ ఉండేదే. ఒకరు రాని జట్టు ఇద్దరితో నడుస్తుంది, ఆ జట్టుకు మిగిలే 12 నిమిషాల్లో రాసినదాన్ని ఇంకోసారి చదువుకుంటారు. ఇద్దరు రాకపోతే మిగిలినవాళ్లను ఇద్దరున్న జట్టులో కలపాలి. చిత్తుప్రతి రాయకుండా వచ్చినవాళ్లు ఆ రోజు వినేవాళ్లుగా కూర్చోవాలి, స్లిప్పులు రాయాలి. వాళ్లను బయట నిలబెట్టి రాయించడం దండన, దానివల్ల జట్టులో ఒకరికి స్లిప్పు తగ్గుతుంది.

జట్టులో బాగా రాసే పిల్ల అందరి లేఖలూ తనలాగే మార్చేయడం ఇంకో ప్రమాదం. రెండో ప్రతుల్లో ఒకే వాక్యం మూడు చోట్ల కనిపిస్తే అదే జరిగిందని అర్థం. ఆ పిల్లకు తర్వాతి విడతలో మొదటి వరుస ఒక్కటే రాయమనాలి: కళ్లకు కట్టిన మాట ఏది, ఎందుకు. ఎదుటివాళ్ల బలం వెతకడం వాళ్లకు సులువు కాదు.

60 మంది ఉన్న సెక్షన్లో ఇదంతా ఒకేరోజు కుదరదు. సగం జట్లు స్పందన పనిలో ఉన్నప్పుడు మిగతా సగం పాఠంలోని వేరే అభ్యాసం రాసుకుంటాయి, మర్నాడు తారుమారు. గణితంలో ఇదే క్రమం పదసమస్యలకు పనికొస్తుంది. అక్కడ స్లిప్పులో అడిగేది ఒక్కటే: ‘ఈ మెట్టు నుంచి ఈ మెట్టుకు ఎలా వచ్చావో నాకు తెలియలేదు.’

రెండో లేఖకు ఆరు పీరియడ్లు అక్కర్లేదు. స్పందించడం నేర్పే పీరియడు 10 నిమిషాలకు కుదించుకుని చిత్తుప్రతితోపాటే పెట్టొచ్చు, భాష చూడటాన్నీ శుద్ధప్రతినీ కలిపేయొచ్చు. నాలుగు చాలు. 108 స్లిప్పుల్లో ఏదీ పారేయకూడదు. పేర్లున్న భాగం కత్తిరించి, చెల్లేవి ఒక కవరులో, చెల్లనివి ఒక కవరులో పెట్టుకుంటే వచ్చే జూన్‌లో కొత్త ఎనిమిదో తరగతికి మొదటి పీరియడులో చదివి వినిపించడానికి పనికొస్తాయి.